బాపు చెప్పిన రాక్షసి బొక్కలు

ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు మనలో చాలామందిమి వంటింట్లో ఉన్నా ఒక చెవి హాలు వైపే వేసి ఉంచుతాం. అందులోనూ మన పుట్టింటివాళ్ళు వచ్చి కూర్చుంటే మరీనూ! పోపు మాడినా ఫరవాలేదు గానీ, మా నాన్న ఏదో అని నలుగురిలో చులకన కాకూడదని మన ఆరాటం. నిజమేనా కాదా, మీరే చెప్పండి. ఆ ఆరాటంలో నేను చేసిన ఒక పొరపాటు గురించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మధ్యలో రాళ్ళూ, ఎముకలూ వస్తాయి. విసుక్కోకుండా చదవండి.

మాది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత నదికి దగ్గరగా ఉన్న పల్లె. మా వైపు నాన్నని బాపు అంటాం, అమ్మని అవ్వ అంటాం. ఎముకని బొక్క అంటాం. ఇంటర్ అయ్యాక 2000లో నాకు హైదరాబాద్ సంబంధం కుదిరింది. మావారిది చిన్న ఉద్యోగమే అయినా, అత్తవారిల్లు పట్నం ఇల్లు, చదువుకున్న కుటుంబం. బాపు చదివింది మూడో తరగతి. రెండెకరాల పత్తి, కొంత కూలి.

బాపు దగ్గర ఒక కథ ఉండేది. మా చిన్నప్పుడు వెన్నెల రాత్రుల్లో మంచం వాకిట్లో వేసుకుని చెప్పేవాడు. పెళ్ళి కాకముందు, 1970లలో, యామనపల్లి దగ్గర భూమిలో పెద్ద పెద్ద బొక్కలు బయటపడుతుంటే పట్నం నుంచి సార్లు జీపుల్లో వచ్చారట. తవ్వకానికి కూలీలు కావాలంటే బాపు కూడా వెళ్ళాడట. రోజుకి మూడు రూపాయలు.

"ఎద్దు బొక్కలు గావు బిడ్డా, ఏనుగువి గూడ గావు. ఒక్కొక్కటి నా నడుముకన్న ఎత్తు. రాయి లెక్క బరువు. గడ్డపారతోని కొట్టనియ్యకపోదురు. సన్న ఉలి, కుంచె పట్టుకొని మట్టి దులుపుడే. బొక్క బయటపడ్డంక గోనెపట్టలు తడిపి, తెల్ల పిండి కలిపి, ఇరిగిన కాలుకు కట్టినట్టు కట్టు కడుదురు" అనేవాడు.

మేము నోరు తెరుచుకుని వినేవాళ్ళం. రాక్షసుల బొక్కలేమో అనుకుని అవ్వ పక్కలోకి దూరేవాళ్ళం. కాస్త పెద్దయ్యాక మాత్రం, బాపు మమ్మల్ని నిద్రపుచ్చడానికి అల్లిన కథలే అనుకున్నాను. మా స్కూలు పుస్తకంలో ఎక్కడా ఆ ముచ్చట లేదు మరి. పుస్తకంలో లేనిది నిజమెలా అవుతుంది అనుకునే వయసు అది.

2003లో మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి బాపు, అవ్వ హైదరాబాద్ వచ్చారు. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చున్నారు. పిల్లలెవరో రాక్షసి బల్లుల సినిమా గురించి మాట్లాడుతుంటే బాపుకి ఉత్సాహం వచ్చింది. తన కథ మొదలుపెట్టాడు. మొదట అందరూ బాగానే విన్నారు. పిండికట్టు దగ్గరికొచ్చేసరికి మా ఆడపడుచు భర్త నవ్వుతూ, "అదేంటి బాబాయిగారూ, చచ్చిన జంతువుకి కట్టు కడితే నయమవుతుందా?" అన్నారు. ఇల్లంతా ఒకటే నవ్వు. ఆయన ఏదో సరదాకే అన్నారు, అందులో చెడ్డ ఉద్దేశం లేదు.

నేను పాయసం గిన్నెలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. నా మొహం వేడెక్కిపోయింది. "ఊకో బాపు! ఏమేమో చెప్పకు, అందరు నవ్వుతున్నరు" అనేశాను.

బాపు నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. పాయసం గిన్నె అందుకుని తలవంచుకుని తిన్నాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా, నా పిల్లలు ఎంత బతిమాలినా, ఆ కథ మళ్ళీ చెప్పలేదు. "మర్చిపోయిన బిడ్డా" అనేవాడు. 2012లో బాపు పోయాడు.

రెండేళ్ళ తర్వాత వేసవి సెలవుల్లో మా చిన్నాడు పోరితే నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్ళాం. ఆ పక్కనే బిర్లా మందిరం. ఆ గుడికి నేను ఎన్ని శనివారాలు వెళ్ళానో లెక్కలేదు. బాపుని కూడా రెండుసార్లు తీసుకెళ్ళాను. పక్కనున్న మ్యూజియంలోకి మాత్రం ఎప్పుడూ తొంగిచూడలేదు. టికెట్ డబ్బులు దండగ అనుకునేదాన్ని.

లోపల ఒక పెద్ద హాల్లో డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంది. పొడుగాటి మెడ, పొడుగాటి తోక, స్తంభాల్లాంటి కాళ్ళు. మావాడు పేరు కూడబలుక్కుని చదివాడు. "కోటాసారస్ యామనపల్లియెన్సిస్." చదివి ఆగి, "అమ్మా, యామనపల్లి అంటే అమ్మమ్మ వాళ్ళ వైపు ఊరు కదా?" అన్నాడు.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అక్కడ ఉన్న ఒక పెద్దాయన్ని అడిగాను, "ఇంత పెద్ద ఎముకలు విరక్కుండా ఎలా తెచ్చారండీ?" అని. ఆయన ఓపిగ్గా చెప్పారు. కోట్ల ఏళ్ళనాటి ఎముక పైకి రాయిలా ఉన్నా, బీటలు వారి పెళుసుగా ఉంటుందట. ఊరికే ఎత్తితే ముక్కలైపోతుంది. అందుకని చుట్టూ మట్టి తీసి, ఎముకకి తడి కాగితం చుట్టి, దానిమీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచిన గోనెపట్టలు కట్టి, గట్టిపడ్డాక కదుపుతారట. "మనిషికి కాలు విరిగితే వేస్తారే, అలాంటి కట్టేనమ్మా" అన్నారాయన.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. బాపు ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పలేదు!

ఆరోజు నుంచి ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను. లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను, అర్థం కానివి మా అమ్మాయి చేత చెప్పించుకున్నాను. నాకు తెలిసినంతలో మీకూ చెబుతాను.

ఆ ఎముకలు దొరికిన రాళ్ళని కోటా ఫార్మేషన్ అంటారు. కోటా అంటే మనం ఇంట్లో గచ్చుకి వేయించుకునే కోటా బండ అనుకునేరు. అది రాజస్థాన్‌ది. ఇది ప్రాణహితకి అవతలి ఒడ్డున, మహారాష్ట్రలో సిరొంచ దగ్గరున్న కోటా అనే ఊరు. ఆ ఊరి దగ్గర సున్నపురాళ్ళలో చేపల ముద్రలు దొరికాయని పందొమ్మిదో శతాబ్దం మధ్యలోనే దొరలు రాసుకున్నారు. ఊరి పేరే రాళ్ళకి పెట్టారు. నదికి ఇటు మన వైపు, అటు వాళ్ళ వైపు కూడా ఆ రాతిపొరలు ఉన్నాయి.

రాతిపొరల్లోకి చేపలెలా వచ్చాయి అంటారా? మా ఊళ్ళో వానాకాలం వాగునీళ్ళు ఎర్రగా వచ్చేవి. అవ్వ వాటిని కుండలో పోసి, చిల్లగింజ అరగదీసి కలిపి ఉంచేది. తెల్లారేసరికి ఇసుక అడుగున, దానిపైన మెత్తటి ఒండ్రు, ఆపైన తేట నీళ్ళు. నదులు, చెరువులు కూడా కోట్ల ఏళ్ళు చేసిన పని ఇదే. పరుగెత్తే నది ఇసుకని, గులకరాళ్ళని దించుతుంది. నిలకడగా ఉన్న సరస్సు అడుగున మెత్తటి బురద, సున్నం పేరుకుంటాయి. వాటి మీద మళ్ళీ మళ్ళీ పొరలు పడి, ఆ బరువుకి నలిగి గట్టిపడితే ఇసుక ఇసుకరాయి అవుతుంది, సున్నపు బురద సున్నపురాయి అవుతుంది. కోటా రాళ్ళలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. అంటే ఒకప్పుడు అక్కడ నదులు పారాయి, సరస్సులు నిండాయి. ఇదంతా పదహారు నుంచి పద్ధెనిమిది కోట్ల సంవత్సరాల కిందటి మాట. అప్పటికి హిమాలయాలు లేవు. మన దేశం ఆఫ్రికాతో, అంటార్కిటికాతో కలిసి ఒకే భూఖండంగా ఉండేది. దాన్ని గోండ్వానా అంటారు. ఆ పేరు ఎక్కడిదనుకున్నారు? మా ఆదిలాబాద్ అడవుల్లోనూ, మధ్య భారతంలోనూ ఉండే గోండుల పేరే అది!

సరస్సులో చచ్చిన చేప మెత్తటి బురదలో దిగి, గాలి తగలకుండా కప్పబడిపోతే కుళ్ళి మాయమవదు. ఎముక సందుల్లోకి భూమిలోని నీళ్ళు ఇంకి, ఆ నీళ్ళలోని ఖనిజాలు అందులోనే ఉండిపోతాయి. ఆవకాయ జాడీలో ముక్కలోకి ఉప్పూ కారం ఊరినట్టే అనుకోండి. ముక్క ఆకారం ముక్కదే, లోపల దిగింది మాత్రం వేరు. అందుకే బాపు "రాయి లెక్క బరువు" అన్నాడు.

కోటా చేపల్లో లెపిడోటిస్ అనే దానికి పొలుసులు దళసరిగా, ఎనామిల్ పూసినట్టు నున్నగా మెరుస్తూ ఉంటాయట. మా వైపు నేలలో ఇంకా కిందికి, అంటే ఇంకా పాత పొరల్లోకి వెళితే సింగరేణి బొగ్గు. అది ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకి పైబడ్డ చెట్లూ చేమలూ. ఆ రెండింటికీ మధ్య మలేరి ఎర్రమట్టి పొరల్లో మొసళ్ళని పోలిన జంతువులు. మా మట్టి అంతా ఒకదానిమీద ఒకటి పెట్టిన మడత చీరల బీరువాయే!

యామనపల్లి దగ్గర తవ్వింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు. అరెకరం పైచిలుకు స్థలంలో 840 దాకా ఎముకలు దొరికాయి. అవి ఒక్క జంతువువి కావు, పన్నెండింటివి. పరిశోధించిన పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తల ఎముక మాత్రం దొరకలేదు, రెండు పళ్ళే దొరికాయి. తల ఎముకలు పల్చన కదా, తొందరగా చెదిరిపోతాయట. మ్యూజియంలో దానికున్న తల చేసి పెట్టిందే.

నది అవతల దొరికిన దాని పేరు బరపాసారస్ టగోరీ. సిరొంచ దగ్గర పోచంపల్లిలో దొరికింది. ఇది మన చీరల పోచంపల్లి కాదు సుమండీ! కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దాదాపు 300 ఎముకలు తవ్వితీశారు. రాయిగా మారిన చెట్ల మానులు కూడా వాటితో కలిసి దొరికాయి. ఆ తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో పేరు పెట్టేటప్పుడు ఆయన పేరు కలిపారు. బెంగాలీలో 'పెద్ద కాలు' అనే అర్థం వచ్చేట్టు మొదటి మాట పెట్టారు. తొడ ఎముక ఒక్కటే అయిదున్నర అడుగులు, అంటే నాకన్నా పొడుగు. ఆ సంస్థలో శిలాజాల పనికి పునాది వేసినవాళ్ళలో ఒక మహిళ ఉంది. పేరు పమేలా రాబిన్సన్. 1950ల చివర్లో మహలనోబిస్ గారు పిలిస్తే లండన్ నుంచి వచ్చి మన యువకులకి శిలాజాలు వెతకడం, తవ్వడం నేర్పింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. ఈ కోటా మట్టిని తెచ్చి, నానబెట్టి, జల్లెడల్లో పోసి, మనం బియ్యం గాలించినట్టు నీళ్ళలో గాలిస్తారు. మిగిలిన రవ్వలాంటి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ఏరతారు. అలా ఏరితే ఆవగింజంత పళ్ళు దొరికాయి. చుంచెలుకంత జంతువులవి. పిల్లలకి పాలిచ్చి పెంచే మన జాతికి తొలి చుట్టాలవి. అంత పెద్ద డైనోసార్ల కాళ్ళ సందుల్లోనే అవీ బతికాయి. పెద్దవాటిని చూసి అబ్బురపడటం అందరికీ వచ్చు. గాలించి ఏరేవాళ్ళకి గానీ చిన్నవి దొరకవు.

చదువుతుంటే ఒక సంగతి మనసుకి తగిలింది. శిలాజం ఏ ఊళ్ళో, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాసి పెట్టకపోతే దాని విలువ సగం పోతుందట. ఎవరో ముచ్చటపడి తెచ్చి షోకేసులో పెట్టుకుంటే అది ఉత్త రాయే, దాని వయసు చెప్పలేం, దాని కథ చెప్పలేం. నా దగ్గర బాపు కథ ఉంది గానీ, అది అలా సగం పోయిన కథే. ఏ ఏడు వెళ్ళాడు? ఎన్ని నెలలు చేశాడు? తనతో ఎవరెవరు వచ్చారు? తను తీసిన ఎముక ఏది? అన్నీ చెప్పగలిగిన మనిషి తొమ్మిదేళ్ళు మా ఇంటికి వస్తూ పోతూ ఉన్నాడు. నేను ఊకో అన్నాను.

ఆ మరుసటేడు సంక్రాంతికి అవ్వ వస్తే మ్యూజియంకి తీసుకెళ్ళాను. అప్పటికే అవ్వకి మోకాళ్ళ నొప్పులు. మెల్లగా నడిపించుకెళ్ళాం. అవ్వ చేతులు వెనక్కి కట్టుకుని, ఎద్దుని బేరం చేసేవాళ్ళలా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. కాళ్ళు చూసింది, పక్కటెముకలు చూసింది.

"ఇండ్ల మీ బాపు తీసిన బొక్క ఏదే?" అంది.

నేనేం చెప్పగలను? "ఇందులో ఏదో ఒకటి అయ్యుంటది అవ్వా" అన్నాను. అవ్వ తల ఊపింది. కాసేపాగి, "పండుగకు ఆ కూలి పైసలు పెట్టి నాకు గాజులు కొన్నడు. అప్పటికి మా పెండ్లి కాలె, మాట ముచ్చటే అయ్యింది" అంది.

ముప్పై అయిదేళ్ళు ఆ ఇంట్లో పుట్టి పెరిగి, వస్తూ పోతూ ఉన్న నాకు ఆ ముచ్చట ఆరోజే తెలిసింది. బయటికొచ్చాక అవ్వని మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను, గాజులు ఏ రంగువి, ఏ అంగట్లో కొన్నాడు అని. అవ్వ సిగ్గుపడి నవ్వింది. "ఆకుపచ్చయి. చెన్నూరు అంగడి" అంది.

ఇంటికొచ్చి పాల పద్దు రాసే నోటుపుస్తకంలో వెనక పేజీల నుంచి మొదలుపెట్టాను. తేదీ వేసి, ఎవరు చెప్పారో, ఏ ఊరి సంగతో రాస్తున్నాను. అవ్వ ఫోన్‌లో చెప్పినవి, మా మేనత్త చెప్పినవి కూడా అందులోకే వచ్చాయి. ఇప్పటికి మూడు పుస్తకాలయ్యాయి. మా ఆడపడుచు భర్తకి కూడా మ్యూజియం సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాబాయిగారిని నేను ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి ఉండాల్సిందమ్మా" అన్నారు. తప్పు ఆయనది కాదు, నాది.

మీ ఊరి చేలో, వాగులో ఆకు ముద్రో, చేప ముద్రో, ఎముకలాంటి రాయో కనిపిస్తే పగలగొట్టకండి, పెకిలించి తీసుకురాకండి. చోటు గుర్తు పెట్టుకుని, ఫోటో తీసి, దగ్గర్లోని కాలేజీలో జియాలజీ మేష్టారికో, జియలాజికల్ సర్వే వాళ్ళకో చెప్పండి. మీ ఇంట్లో ముసలివాళ్ళు ఎవరైనా నమ్మలేని ముచ్చట మొదలుపెడితే, నాలాగ గుమ్మంలో నిలబడి నోరు మూయించకండి. పాయసం గిన్నె చేతికిచ్చి, పక్కన కూర్చుని, "ఏ ఊళ్ళో? ఎప్పుడు?" అని అడగండి.